నది ఒడ్డున గాలం వేసేవాళ్ళకి ఏ మడత కుర్చీ మంచిది?

షాపులో మడత కుర్చీ చేతికి తీసుకోగానే అందరం అడిగేది బరువెంత, ధరెంత అని. రెండూ తెలుసుకోవాల్సినవే. కానీ గోదావరి ఒండ్రు మీదో, కృష్ణ ఇసుకలోనో వేసుకునే కుర్చీకి నేను ముందు చూసేది కాళ్ళ చివర్లు. టైల్స్ నేల మీద ఏ కుర్చీ అయినా హాయిగానే ఉంటుంది. అదే కుర్చీ ఏటి ఒడ్డున వేస్తే గంట తిరక్కుండా ఒక కాలు లోపలికి దిగుతుంది, మనిషి పక్కకి ఒరుగుతాడు, చేతిలో గాలం ఉండగానే లేచి సర్దుకోవాల్సి వస్తుంది. మనం సర్దుకునేదాకా చేప ఆగదు.

ఇక్కడ చెప్పేదంతా ఒడ్డున కూర్చుని గాలం వేసేవాళ్ళ కోసం. బండి మీదో బస్సులోనో వెళ్ళి, గట్టు దిగి కొంత దూరం నడిచి, బొచ్చెకో శీలావతికో జెల్లకో వాలుగకో కాచుకుని కూర్చునేవాళ్ళ కోసం. కారు నీళ్ళ దాకా వెళ్ళే చోట బరువు పెద్ద సమస్య కాదు, అక్కడ ఎంపిక తేలిక.

ముందు నేల సంగతి

ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ పాయల ఒడ్లు, లంకల అంచులు చూడండి. వరద తీశాక మిగిలే ఒండ్రు పైన ఎండి, పెచ్చు కట్టి గట్టిగా కనిపిస్తుంది. మడమతో నొక్కితే పెచ్చు విరిగి కింద తడి మట్టి బయటపడుతుంది. కుర్చీ కాలు కూడా అదే పని చేస్తుంది. మొదట కాసేపు ఆగుతుంది. మనం గాలం విసరడానికి ఒక పక్కకి వంగగానే ఆ పక్క కాలు పెచ్చుని చీల్చుకుని దిగిపోతుంది. దిగిన కాలుని బురద పట్టేసుకుంటుంది. గట్టిగా లాగితే రబ్బరు తొడుగు లోపలే ఉండిపోయి, ఉత్త గొట్టం పైకి వస్తుంది. తొడుగు పోయిన గొట్టం అంచు సన్నం కాబట్టి ఆ తర్వాత ఇంకా తేలిగ్గా దిగుతుంది.

దీని వెనక లెక్క చాలా చిన్నది. 80 కిలోల మనిషి నాలుగు కాళ్ళ కుర్చీలో కూర్చున్నాడనుకుందాం. కాలి చివర 2 సెంటీమీటర్ల వ్యాసం ఉంటే నాలుగూ కలిపి నేలని తాకేది దాదాపు 12.5 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 6 కిలోల పైనే పడుతుంది. అదే చివర్లు 6 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే తాకే చోటు 113 చదరపు సెంటీమీటర్లకి పెరుగుతుంది, ఒత్తిడి ముప్పావు కిలోకి పడిపోతుంది. కొంత బరువు మన పాదాల మీదకి పోతుంది కాబట్టి నిజంగా పడేది ఇంకొంచెం తక్కువే అయినా, రెండింటి మధ్య తేడా మాత్రం తొమ్మిది రెట్లు. కుర్చీ బరువులో అరకిలో తగ్గించడానికి వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టేవాళ్ళు ఈ తేడాని పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇసుక తీరు వేరు. వేసవిలో ప్రకాశం బ్యారేజీ దిగువన కృష్ణలో, భద్రాచలం దగ్గర గోదావరిలో తేలే ఇసుక తిన్నెల మీద కాలు ఒక్కసారిగా దిగదు. మనం కదిలిన ప్రతిసారీ కొంచెం కొంచెం పూడుకుంటూ పోతుంది. నీటి అంచున తడిసిన ఇసుక కంటే పైన ఉన్న పొడి ఇసుకలోనే ఎక్కువ దిగుతుంది. నాలుగు కాళ్ళూ సమానంగా దిగితే ఇబ్బంది లేదు, సీటు ఎత్తు ఒక్కటే తగ్గుతుంది. ఒడ్డు నీళ్ళ వైపు వాలుగా ఉంటుంది కాబట్టి సాధారణంగా ముందు కాళ్ళు ఎక్కువ దిగుతాయి, మనిషి ముందుకి జారుతుంటాడు. వెనక కాళ్ళ కింద ముందే కాస్త తవ్వి కుర్చీ వేసుకుంటే ఆ బాధ చాలావరకు తప్పుతుంది.

రాతి ఒడ్డు మూడోది. నాగార్జునసాగర్ దిగువన, సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున, మంత్రాలయం దగ్గర తుంగభద్రలో బండల మధ్య దిగబడే భయం లేదు, ఊగే భయం ఉంది. నాలుగు కాళ్ళలో మూడే ఆనుతాయి, నాలుగోది గాలిలో ఉంటుంది. ఇలాంటి చోట వెడల్పు చివర్లకంటే రబ్బరు పట్టు ముఖ్యం. ఉత్త ప్లాస్టిక్ చివర్లు తడి బండ మీద జారతాయి.

ఘాట్ల మెట్ల మీద, సిమెంటు కట్టిన కాలువ గట్ల మీద కూర్చునేవాళ్ళు ఇంత ఆలోచించనక్కర్లేదు. మీకు నచ్చింది కొనుక్కోండి.

బజారులో దొరికేవి

మూడు కాళ్ళ స్టూలు అన్నిటికంటే తేలిక. మామూలుగా అరకిలో నుంచి కిలో లోపు ఉంటుంది. మడిస్తే కర్రల కట్టలా సన్నగా అయిపోతుంది, బ్యాగు పక్కన కట్టేయొచ్చు. మూడు కాళ్ళు ఎలాంటి ఎగుడుదిగుడు మీదైనా మూడూ ఆనుతాయి, అందుకే బండల మీద దీన్ని మించింది లేదు. లోపం ఏమిటంటే మూడు కాళ్ళ మధ్య చోటు చిన్నది. పక్కనున్న చేపల బుట్ట అందుకుందామని ఒరిగితే బరువు ఆ త్రికోణం దాటిపోయి స్టూలు బోర్లా పడుతుంది. వీపుకి ఆనుడు ఉండదు. సీటు గుడ్డ చిన్నదైతే తొడల వెనక అంచు నొక్కుకుని కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. కొంటే సీటు వెడల్పుగా ఉన్నదే కొనండి.

చేతులున్న మడత కుర్చీ అంటే అందరికీ తెలిసిందే. గొడుగులా మూసుకునేది, పొడుగు సంచిలో వచ్చేది, చేతి పక్కన వాటర్ బాటిల్‌కి జేబు ఉండేది. రెండున్నర నుంచి నాలుగు కిలోల దాకా బరువుంటుంది. కూర్చోవడానికి సుఖం, లేవడానికి చేతుల ఆసరా ఉంటుంది, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. కానీ మూస్తే మీటరుకి కాస్త అటూ ఇటూ పొడవు. బండి వెనక అడ్డంగా కడితే పక్క వాహనాలకి తగులుతుంది, నిలువుగా భుజాన వేసుకుంటే వెనక కూర్చున్నవాళ్ళకి తగులుతుంది. ఇంకో చిక్కు, గాలం వేసేవాళ్ళకి మాత్రమే ఉండేది: చేప కొరకగానే రాడ్ ఎత్తి రీల్ తిప్పేటప్పుడు మోచేయి కుర్చీ చేతికి కొట్టుకుంటుంది. వీటి కాళ్ళ చివర్లు చాలావరకు చిన్నవి. ఒండ్రులో తొందరగా దిగబడతాయి.

విడిభాగాలుగా వచ్చే కుర్చీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు అందరి కన్నూ దీని మీదే ఉంది. టెంట్ గొట్టాల్లా లోపల సాగే తాడుతో కలిసి ఉండే అల్యూమినియం ముక్కలు టకటకా అతుక్కుంటాయి, వాటి నాలుగు కొనలకి గుడ్డ మూలల్ని తొడుగుతాం. కొరియా కంపెనీ హెలినాక్స్ తెచ్చిన చైర్ వన్ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. అది కిలోకి అటూ ఇటూ ఉంటుంది, 145 కిలోలు మోస్తుందని కంపెనీ చెబుతుంది. టెంట్ గొట్టాలకి పేరున్న డీఏసీ సంస్థ నుంచి పుట్టిన కంపెనీ కాబట్టి గొట్టాల నాణ్యతకి ఢోకా లేదు, ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. అదే ఆకారంలో చవకగా దొరికేవి ఆన్‌లైన్‌లో బోలెడు. అవి ఒకటి నుంచి ఒకటిన్నర కిలోలు ఉంటాయి.

మడిస్తే మూర కంటే తక్కువ పొడవు, బ్యాక్‌ప్యాక్ లోపలే పట్టేస్తుంది. వీపుకి ఆనుడు ఉంటుంది, చేతులు ఉండవు కాబట్టి రాడ్‌కి అడ్డం రాదు. ఇన్ని సుగుణాలున్నా దీని చివర్లు గోళీ అంత చిన్నవి. ఇసుకలో వేస్తే కాళ్ళు తేలిగ్గా దిగిపోతాయి. అందుకే దీన్ని కొంటే దానితోపాటే వెడల్పు పాదాలో, కింద పరిచే షీటో కొనాలి. పాత టెన్నిస్ బంతులకి చిల్లు పెట్టి కాళ్ళకి తొడిగే పద్ధతి కూడా ఉంది. ఇసుకలో అది బాగా పనిచేస్తుంది, మెత్తటి బురదలో అంతంత మాత్రమే. ఖాళీగా ఉన్నప్పుడు గాలికి ఎగిరిపోతుంది కూడా. లేచి వెళ్ళేటప్పుడు బ్యాగు సీటులో పెట్టి వెళ్ళండి.

కాళ్ళకి బదులు నేల మీద ఆనే అడ్డ గొట్టాలుండే, ఎత్తు తక్కువ కుర్చీలు ఇంకో రకం. బీచ్ కుర్చీలని అమ్ముతుంటారు. ముందొకటి, వెనకొకటి గొట్టం నేలకి పడుకుని ఉంటుంది కాబట్టి బరువు పొడవునా పంచుకుంటుంది. ఇసుకకీ ఒండ్రుకీ వీటి నిర్మాణమే సరైనది. బరువు రెండు నుంచి మూడు కిలోలు. ఇబ్బంది ఎత్తుతోనే: సీటు నేలకి జానెడు పైన ఉంటుంది. కుర్రాళ్ళకి సరే, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి లేవడం కష్టం.

బ్రిటన్, యూరప్ లో కార్ప్ చేపలు పట్టేవాళ్ళ కోసం ప్రత్యేకంగా చేసే కుర్చీలున్నాయి. నాలుగు కాళ్ళూ విడివిడిగా పొడవు మార్చుకోవచ్చు, చివర ఎటు కావాలంటే అటు వాలే వెడల్పు పాదాలుంటాయి. వాలు ఒడ్డు మీద, బురదలో వీటికి సాటి లేదు. నాలుగు కిలోల పైనే బరువు, మన దగ్గర సులువుగా దొరకవు, ధర కూడా ఎక్కువ. అక్కడుండే మనవాళ్ళు ఇవి చూసి కొనుక్కోవడం మంచిది, ఇక్కడివాళ్ళు ఆ పాదాల ఆలోచనని అరువు తెచ్చుకుంటే చాలు. ఎలాగో కింద చెబుతాను.

ఒకదానిలోంచి ఒకటి పైకి వచ్చే గుండ్రటి ప్లాస్టిక్ స్టూళ్ళు రైలు ప్రయాణానికి బాగుంటాయి. నదికి వద్దు. ఆ పొరల మధ్య సన్న ఇసుక చేరితే లాక్ సరిగ్గా పడదు, పడకుండానే పడినట్టు కనిపిస్తుంది.

చివరగా 20 లీటర్ల పెయింటు బకెట్. మూత మీద ఒక ఫోమ్ ముక్క అతికిస్తే సీటు, లోపల ఎర, గాలాలు, టిఫిన్ డబ్బా పడతాయి. అడుగుభాగం వెడల్పు కాబట్టి బురదలో దాదాపు దిగబడదు. వీపుకి ఆసరా లేదన్న ఒక్కటి తప్పిస్తే, గట్టు పక్కనే బండి ఆగే చోట దీన్ని కాదని వేరే స్టూలు కొనడానికి నాకు కారణం కనిపించదు. కాకపోతే మూత గట్టిది ఉండాలి. ఎండకి పెళుసెక్కిన మూత మధ్యలో పగులుతుంది.

మీరు ఎలా పడతారు?

నీటి మీద తేలే బెండు కట్టి పట్టేవాళ్ళకీ, బరువు వేసి అడుగున ఎర పెట్టేవాళ్ళకీ ఒకే కుర్చీ సరిపోదు. బెండు మీద పట్టేవాళ్ళ కన్ను నీటి మీదే ఉంటుంది, రాడ్ చేతిలోనే ఉంటుంది, ముందుకి వంగి కూర్చుంటారు. బెండు కదిలిన క్షణంలో కొట్టాలి. ఆ పద్ధతిలో వీపుకి ఆనుడు ఉన్నా వాడరు. ఎత్తైన స్టూలు, లేదా బకెట్ చాలు. వెనక్కి వాలిపోయే లోతైన సీటు ఉంటే లేచేలోపు ఎర పోతుంది.

పిండి, గానుగ చెక్క, వానపాములు కట్టి అడుగున వేసి, రాడ్‌ని స్టాండు మీద ఆనించి, కొనకి గంట కట్టి కూర్చునేవాళ్ళకి గంటల తరబడి నిరీక్షణ. వాళ్ళకి నడుము ముఖ్యం. వీపుని భుజాల దాకా పట్టే కుర్చీ కావాలి. విడిభాగాల కుర్చీల్లో వీపు పొడుగ్గా ఉండే మోడళ్ళు కూడా ఉన్నాయి. అరకిలో బరువు పెరిగినా వీళ్ళు వాటినే తీసుకోవాలి.

కొర్రమీను కోసం కప్ప బొమ్మ విసురుకుంటూ కాలువ గట్ల వెంట తిరిగేవాళ్ళకి అసలు కుర్చీ బరువే దండగ. కావాలంటే మూడు కాళ్ళ చిన్న స్టూలు ఒకటి, అంతే.

ఎత్తు

సీటు ఎత్తు గురించి షాపువాళ్ళు చెప్పరు, మనం అడగం. విడిభాగాల కుర్చీల్లో చాలావాటి సీటు 30 నుంచి 35 సెంటీమీటర్లు ఉంటుంది. మామూలు ఇంటి కుర్చీ 45 దగ్గర ఉంటుంది. ఆ 10, 15 సెంటీమీటర్ల తేడాలో మోకాళ్ళు నడుము కంటే పైకి పోతాయి, లేవడానికి తొడల మీద పడే బలం బాగా పెరుగుతుంది. ఇసుకలో కాళ్ళు ఇంకో నాలుగు వేళ్ళు దిగితే ఎత్తు ఇంకా తగ్గుతుంది. అయిదున్నర అడుగుల మనిషికి, ముఖ్యంగా యాభై దాటినవాళ్ళకి, 42 సెంటీమీటర్ల పైన ఉన్నదే తీసుకోమంటాను. నాన్నగారికో, మావయ్యగారికో కొనిపెట్టేవాళ్ళయితే చేతులున్న కుర్చీయే తీసుకోండి, బరువు మీరే మోయండి. చేతుల్లేని తేలిక కుర్చీలో ఒక పక్క గొట్టం పట్టుకుని లేవబోతే కుర్చీ అటే తిరగబడుతుంది.

చేత్తో పట్టుకుని చూడాల్సినవి

డెకథ్లాన్ లాంటి షాపుల్లో కూర్చుని చూసే వీలుంటుంది. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే తిరిగి పంపే గడువు పోకముందే ఇంట్లో విప్పి చూడండి.

గుడ్డ మూలలు మొదట. విడిభాగాల కుర్చీ మొత్తం బరువు మోసేది గొట్టం కొన దూరే ఆ నాలుగు చిన్న జేబులే. వేలు లోపలికి పెట్టి చూడండి. అడుగున దళసరి పట్టీ ముక్క అదనంగా వేసి కుట్టి ఉండాలి. ఒక్క పొర గుడ్డే తగిలితే వద్దు. కొన్నాళ్ళకి గొట్టం కొన ఆ గుడ్డని నూరి నూరి చిల్లు చేస్తుంది, ఒక రోజు కూర్చోగానే మూల చిరిగి వెనక్కి పడతాం. కుట్టు కనీసం రెండు వరసలుండాలి, చివర్లో అడ్డంగా దగ్గర దగ్గర కుట్లు వేసి ముడేసి ఉండాలి. దారాన్ని గోటితో లాగితే వదులు రాకూడదు.

తర్వాత జాయింట్లు. గొట్టాలు దూరే ప్లాస్టిక్ ముక్కకి నెర్రెలున్నాయేమో వెలుతురుకి పెట్టి చూడండి. గొట్టం అందులో గట్టిగా కూర్చోవాలి, లొడలొడలాడకూడదు. స్టూళ్ళలో మూడు కాళ్ళు కలిసే బోల్టు మీదే భారమంతా ఉంటుంది, అది ఇనుముదే ఉండాలి.

గుడ్డ పాలిస్టర్ అయితే తడిసినా త్వరగా ఆరుతుంది. 600డి అని రాసి ఉంటే దారం దళసరి అని అర్థం, ఈ పనికి అది సరిపోతుంది. నూలు కాన్వాస్ సుఖంగానే ఉంటుంది గానీ నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, బూజు పడుతుంది. మన ఎండలకి వీపు దగ్గర జాలీ గుడ్డ ఉన్నది మేలు. నల్ల రంగు వద్దు, మధ్యాహ్నానికి చురుక్కుమంటుంది.

ఎన్ని కిలోలు మోస్తుందన్న లెక్కని నిదానంగా కూర్చున్న మనిషికి అనుకుని చదవండి. చేప పడిందని లేచి, మళ్ళీ ధబ్బున కూర్చుంటే పడే భారం అంతకంటే చాలా ఎక్కువ. మీ బరువుకి కనీసం 30 కిలోలు పైన రాసి ఉన్నదే తీసుకోండి.

దేనికి ఏది

ఇసుక, ఒండ్రు ఒడ్లకి నడిచి వెళ్ళి, గంట కట్టి కూర్చునేవాళ్ళకి నా ఓటు విడిభాగాల కుర్చీకే, వెడల్పు పాదాలు తప్పనిసరి. ఆ పాదాలు కొననక్కర్లేదు. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ ముక్కలు నాలుగు, ఒక్కోటి 10 సెంటీమీటర్ల చదరం, మధ్యలో కాలి చివర కూర్చునేంత గుంట తొలిపించండి. మూలకి చిల్లు పెట్టి నాలుగింటినీ ఒకే తాడుకి కట్టుకుంటే పోవు, బురదలోంచి లాగడం కూడా తేలిక. ఇందాకటి లెక్కలో వేస్తే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి 200 గ్రాములకి దిగుతుంది. కుర్చీకి ఇంత చవకగా, ఇంత బాగా పనికొచ్చేది ఇంకోటి నాకు తెలియదు.

బండల మీద పట్టేవాళ్ళు వెడల్పు సీటున్న మూడు కాళ్ళ స్టూలు తీసుకోండి. బెండు మీద పట్టేవాళ్ళకి బకెట్. బండి గట్టు దాకా వెళ్ళే చోట, వయసు మీద పడినవాళ్ళకి, చేతులున్న మడత కుర్చీ, దానికీ ప్లైవుడ్ ముక్కలు. రెండు మూడు రకాల ఒడ్లకి తిరిగేవాళ్ళు ఒక్కటే కొనాలంటే విడిభాగాల కుర్చీయే, కాకపోతే బండల మీద దాన్ని కాస్త ఓపిగ్గా సర్దుకోవాలి.

డ్యాములు, బ్యారేజీల దిగువన కూర్చునేవాళ్ళకి ఒక మాట. గేట్లు ఎత్తితే నీటిమట్టం చూస్తుండగానే పెరుగుతుంది. నీటి మధ్య తేలిన బండల మీద, తిన్నెల మీద కుర్చీ వేయకండి. వెనక్కి నడిచి గట్టెక్కే దారి తెగిపోని చోటే వేయండి. సైరన్ వినిపించినా, నీళ్ళు మురికి తిరిగి చెత్త కొట్టుకొస్తున్నా కుర్చీ మడిచే పని పెట్టుకోకుండా లేచి వచ్చేయాలి.

ఇంటికొచ్చాక గొట్టాలు విప్పి మంచినీళ్ళతో కడిగి, జాయింట్లలో ఇసుక పోయేదాకా విదిలించి, నీడన ఆరబెట్టండి. అంతర్వేది, హంసలదీవి వైపు ఉప్పునీళ్ళలో వాడితే ఇది ఆ రోజే చేయాలి, లేకపోతే ఇనుప రివిట్లు తుప్పు పడతాయి. డాబా మీద ఎండలో వదిలేస్తే గుడ్డ ఏడాదికే నీరసిస్తుంది. పూర్తిగా ఆరాకే సంచిలో పెట్టండి, ప్లైవుడ్ ముక్కలు మర్చిపోకుండా దానితోపాటే.